నాన్న పెద్దకర్మకు అప్పు చేశాను. అరుగు మీద "వద్దు" అని ఎందుకు అనలేకపోయాను?

వంశధార_గట్టు
మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. నేను విశాఖలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఐదు నెలల క్రితం నాన్న పోయారు. పోవడానికి పది రోజుల ముందు మంచం మీద నుంచే నాతో ఒక మాట చెప్పారు. "నా పేరు చెప్పి ఊరికి భోజనాలు పెట్టకు. శ్మశానం దగ్గర నిలబడడానికి నీడ లేదు. వాన వస్తే మోసుకొచ్చినవాళ్ళు తడిసిపోతున్నారు. నాలుగు రేకులు వేయించు, చాలు" అన్నారు. ఆయన్ని తీసుకెళ్ళిన రోజూ వానే. చితి తడవకుండా నలుగురు టార్పాలిన్ నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు.

తొమ్మిదో రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. పెద్దనాన్న మొదలుపెట్టారు. "వాడిది బతికినన్నాళ్ళూ పదిమందికి పెట్టిన చెయ్యి. వెయ్యి విస్తళ్ళకు తగ్గకూడదు" అన్నారు. పక్కనున్న మామయ్య "అంతే కదా మరి" అన్నారు. తర్వాత బావ, ఆ తర్వాత ఊరి పెద్ద ఒకాయన, వరసకు అన్నదమ్ములు ఇద్దరు, ఆపైన బాబాయి. అందరిదీ అదే మాట. చివర నా వంతు వచ్చింది. నాన్న మాట నోటిదాకా వచ్చింది. అమ్మ గుమ్మం పక్కన కూర్చుని నా ముఖంలోకే చూస్తోంది. "పెద్దవాళ్ళు ఎలా అంటే అలాగే" అన్నాను.

ఖర్చు 2,80,000 రూపాయలు. అందులో 2,00,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు 4,000 వడ్డీకే పోతోంది. అది కూడా నన్ను ఇంతగా బాధించలేదు. గత వారం ఊరు వెళితే బాబాయి కళ్ళం దగ్గర నన్ను పక్కకు పిలిచి, "మీ నాన్న ఆ షెడ్డు మాట నాతోనూ అన్నాడురా. నీ మనసులోనూ అదే ఉందని తెలిస్తే ఆ రోజు నేనూ అనేవాడిని" అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఇద్దరం వద్దనుకుంటూనే ఇద్దరం సరే అన్నాం. చదువుకున్నవాడిని, ఆఫీసులో ఎవరికీ జంకకుండా మాట్లాడేవాడిని. అరుగు మీద నా గొంతు ఎందుకు లేవలేదు?

పొందూరు_రాట్నం
నలుగురు ఏమనుకుంటారోనన్న భయం. మీ ఒక్కరిదే కాదు, మనందరిదీ అదే జబ్బు.

జీడితోట
మా పలాస వైపు కూడా ఇంతే. మా వీధిలో ఒకాయన జీడితోట తాకట్టు పెట్టి తల్లి పన్నెండో రోజు చేశాడు. ఆ భోజనం తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తోట ఇప్పుడు ఆయనది కాదు. ఇది చదువుతుంటే ఆ విస్తరి గుర్తొచ్చింది.

మూడు_లాంతర్లు
విజయనగరంలో చాలా ఏళ్ళు మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పాను. మీ అరుగు గురించి చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి అరుగునే ఒక శాస్త్రవేత్త గదిలో ఏర్పాటు చేసి చూశాడు.

సోలమన్ ఆష్ అనే ఆయన అమెరికాలో 1950లలో ప్రచురించిన ప్రయోగం అది. ఏడెనిమిది మందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక గీత చూపిస్తారు. పక్కన ఇంకో మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటి గీతతో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయేంత తేలిక. కానీ అక్కడున్న వారిలో అసలు పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే, మిగతావారంతా ముందుగా మాట్లాడుకుని పెట్టుకున్నవారు. 18 సార్లలో 12 సార్లు వాళ్ళంతా కలిసి ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు మనిషి వంతు చివరనో, చివరికి ఒకటి ముందో వస్తుంది. మీరు కూర్చున్న చోటే.

ఒంటరిగా అడిగినప్పుడు నూటికి ఒక్క తప్పు కూడా చేయనివాళ్ళు, గుంపులో ఉన్నప్పుడు ఆ 12 సందర్భాల్లో సుమారు 37 శాతం తప్పు జవాబులు చెప్పారు. ప్రతి నలుగురిలో ముగ్గురు కనీసం ఒకసారైనా తలవంచారు. తర్వాత విడిగా అడిగితే కొందరు "నాకు సరైనది తెలుసు, కానీ తేడాగా కనబడటం ఇష్టం లేక అలా అన్నాను" అన్నారు. మరికొందరు తమ కళ్ళనే అనుమానించారు. మీ చదువుకూ మీ ధైర్యానికీ దీనితో సంబంధం లేదు. మీ వంతు వచ్చేసరికి ఏడు గొంతులు ఒకటైపోయి ఉన్నాయి.

ఉద్దానం_కొబ్బరి
మాస్టారూ, అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళకు గీతలు చూపించి మా పల్లెల సంగతి ఎలా తేలుస్తారు? గీత తప్పు చెబితే వాళ్ళకు పోయేది ఏమీ లేదు. పల్లెలో భోజనం పెట్టకపోతే పోయేది ఉంది. రేపు అమ్మకు ఒంట్లో బాగుండకపోతే అర్ధరాత్రి ఆటో తెచ్చేది ఆ వెయ్యి విస్తళ్ళ వాళ్ళే.

ఇంకో మాట. నేను ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి ఇంటి బంతిలోనూ కూర్చుని తిన్నాను. నా ఇంటి వంతు వచ్చినప్పుడు "నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు" అంటే అది ఆదర్శం అవుతుందా? నా దృష్టిలో అది బాకీ ఎగ్గొట్టడం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్ళో నిలబడిన కొబ్బరి చెట్టు లేదు. రోడ్డు మీద అడ్డంగా పడిన చెట్లు నరకడానికి ఇంటికొక మనిషి చొప్పున వచ్చారు. ఎవరూ పిలవలేదు. రాకపోతే నలుగురు ఏమనుకుంటారోనని వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. వచ్చారా లేదా? ఆ భయమే మా ఊరికి దారి తెరిచింది. దాన్ని జబ్బు అంటే నేను ఒప్పుకోను.

పొందూరు_రాట్నం
ఉద్దానం గారూ, జబ్బు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చెట్టు నరకడానికి ఒంటి శ్రమ చాలు. భోజనానికి రెండు లక్షల అప్పు కావాలి. రెండూ ఒకటి కావు.

మూడు_లాంతర్లు
ఉద్దానం గారి ప్రశ్న న్యాయమైనది. ఆ గీతల ప్రయోగాన్ని ఆ తర్వాత చాలా దేశాల్లో చేశారు. 17 దేశాల్లో జరిగిన 133 ప్రయోగాలను బాండ్, స్మిత్ అనే ఇద్దరు 1996లో కలిపి చూశారు. బంధువర్గానికీ సమూహానికీ ఎక్కువ విలువ ఇచ్చే సమాజాల్లో తలవంచడం ఎక్కువని తేలింది. అంటే మన దగ్గర ఇంకా బలంగానే ఉంటుంది.

మనిషి గుంపు వెంట నడవడానికి రెండు కారణాలున్నాయని 1955లో డాయిష్, జెరార్డ్ విడదీశారు. ఒకటి, "ఇంతమంది అంటున్నారు, వాళ్ళకు తెలిసే ఉంటుంది" అనుకోవడం. కొత్త ఊళ్ళో ఏ హోటలు బాగుంటుందో తెలియక జనం ఉన్నచోటికి వెళ్ళడం ఈ రకం. రెండోది, నిజం తెలిసినా వాళ్ళలో ఒకడిగా ఉండాలన్న ఆశ, వెలివేస్తారన్న భయం. వంశధార గారిది ఈ రెండోది. ఉద్దానం గారు చెప్పిన తుఫానులో రెండూ కలిసి ఉన్నాయి.

నాగావళి_పిల్ల
మా డిగ్రీ క్లాసులో ప్రతిరోజూ ఇదే. "అర్థమైందా?" అని అడుగుతారు. అరవై మందిమి మౌనంగా ఉంటాం. నాకొక్కదానికే అర్థం కాలేదనుకుని నేను అడగను. పరీక్ష ముందు రోజు హాస్టల్లో చూస్తే ఆ పాఠం ఎవ్వరికీ రాదు.

మూడు_లాంతర్లు
అదేనమ్మా! అందరూ లోపల ఒకటే అనుకుంటారు. మిగతావాళ్ళు మాత్రం వేరేగా అనుకుంటున్నారని ప్రతి ఒక్కరూ నమ్ముతారు. ఆల్‌పోర్ట్ అనే ఆయన 1930ల నాటికే దీన్ని గుర్తించి ఒక పేరు పెట్టాడు. వంశధార గారి బాబాయి కళ్ళం దగ్గర చెప్పిన మాట నీ హాస్టల్ గదిలాంటిదే.

రాజాం_అక్క
నా పెద్ద కూతురు ఎనిమిదో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయింది. మా అత్తగారు ఫంక్షన్ చేయాలన్నారు. ఫ్లెక్సీ కట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం, ఫోటోలు, అన్నీ. "అమ్మా, మా క్లాసు అబ్బాయిలు సెంటర్లో ఫ్లెక్సీ చూస్తారు, వద్దు" అని అది రెండు రోజులు నా కొంగు పట్టుకుని తిరిగింది. తోడికోడలు కూతురికి చేశారు, పక్కింట్లో చేశారు, చేయకపోతే పిల్లలో ఏదో లోపం ఉందంటారని నేనే నచ్చజెప్పాను. ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉంది. అందరూ అక్షింతలు వేస్తున్నారు, అది ఒళ్ళోకి చూసుకుంటూ పట్టుచీర అంచును వేలికి చుట్టుకుని కూర్చుంది. వేలి కొన తెల్లబడిపోయింది. ఆ వేలిని నేను ఆల్బమ్ వచ్చాకే చూశాను. ఎదురుగా ఉన్నప్పుడు చూడలేదు.

రెండో కూతురి సమయానికి ఇంట్లోనే తలంటి పోసి, దానికిష్టమైన పాయసం చేసి ఊరుకున్నాను. అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాట్లాడారు. ఆ ఏడాదే మా వీధిలో ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు ఫంక్షన్ మానేశారు. వాళ్ళలో ఒకావిడ నాతో "మీరు మానేశాక మాకు చెప్పుకోవడానికి ఒక పేరు దొరికింది" అంది.

జీడితోట
రాజాం అక్కా, ఆ వేలి సంగతి చదివి ఫోను పక్కన పెట్టేశాను కాసేపు. నాకూ ఒక కూతురు ఉంది. ఏడో తరగతి.

మూడు_లాంతర్లు
రాజాం అక్క చెప్పిన "ఒక పేరు" చాలా పెద్ద విషయం. ఆష్ తన ప్రయోగాన్ని కొంచెం మార్చి, గుంపులో ఒక్కడి చేత ముందే సరైన జవాబు చెప్పించాడు. అంతే, తప్పు జవాబులు మునుపటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. ఆరుగురు ఎదురున్నా ఒక్కడు తోడుంటే మనిషి తన కళ్ళను తాను నమ్ముకుంటాడు. ఆ తోడు మధ్యలో గుంపు వైపు తిరిగిపోతే మాత్రం మళ్ళీ తలవంచడం మొదలవుతుంది.

ఇంకోటి కూడా ఉంది. ఎదురుగా ఉన్నది ఒక్కడే అయితే మనిషి లెక్కచేయడు. ఇద్దరైతే కాస్త ఊగుతాడు. ముగ్గురయ్యేసరికి ఒత్తిడి దాదాపు పూర్తి బలానికి చేరుతుంది. అక్కడి నుంచి పదిహేను మందిని పెట్టినా పెద్దగా పెరగదు.

నాగావళి_పిల్ల
ముగ్గురూ మనమూ కలిస్తే నలుగురు! మన భాషలో "నలుగురు ఏమనుకుంటారు" అనే అంటారు గానీ నలభై మంది అనరు కదా మాస్టారూ.

ఉద్దానం_కొబ్బరి
ఆ నలుగురు వేరమ్మా. పాడె మోసే నలుగురు. మన భయం అక్కడి నుంచే వచ్చింది. ఊరితో చెడితే చివరికి మోయడానికి ఎవరొస్తారన్నదే ప్రతి పల్లెటూరి మనిషి గుండెలో ఉండే ప్రశ్న.

తీరంలో_ఇల్లు
ఇక్కడ అందరూ ధైర్యం గురించి మాట్లాడుతున్నారు. నేను వేరే సంగతి చెప్పాలి. మాది సముద్రం ఒడ్డు పల్లె. ఊరు ఎక్కడో చెప్పను. మా అన్న వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పెద్దలు కూర్చుని తప్పు వేశారు. కట్టలేకపోయాం. ఎనిమిది నెలలు మా అమ్మతో కుళాయి దగ్గర ఎవరూ మాట్లాడలేదు. బిందె పెడితే పక్క బిందె జరిపేవారు. మా నాన్నను పడవ మీదకు ఎవరూ పిలవలేదు. పని లేక ఆయన చెన్నై వెళ్ళి కూలి చేశారు.

రాజాం అక్క అత్తగారు వారం మాట్లాడలేదు, ఎనిమిదో రోజు మాట్లాడారు. మాకు ఆ ఎనిమిదో రోజు రాలేదు. ఎదురు నిలబడటానికి అయ్యే ఖర్చు అందరికీ ఒకేలా ఉండదు. ఎవరైనా తలవంచితే పిరికివాడు అనకండి. వాళ్ళ పొయ్యి మీద ఏముందో మీకు తెలియదు.

రాజాం_అక్క
నిజం. నా మాట వల్ల మీకు బాధ కలిగితే క్షమించండి. నాకు జీతం ఉంది, నా భర్త నా వైపు ఉన్నారు. అందువల్లే చేయగలిగాను.

మూడు_లాంతర్లు
తీరంలో ఇల్లు గారు చెప్పినది వినకుండా ఈ చర్చ నడవకూడదు. గుంపు ఒత్తిడి వేరు, వెలి వేరు. వెలి శిక్ష. మహారాష్ట్రలో 2016లో సాంఘిక బహిష్కరణను నేరంగా చేస్తూ ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు.

గంటస్తంభం
విజయనగరం వాడిగా నేను ఒకటి చెప్పాలి. "ఆచారం, ఎప్పటి నుంచో ఉంది, మార్చలేం" అనే మాట మన ఊరు ఒకసారి అబద్ధమని చూపించింది. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడారు, 1897లో అచ్చయింది. అప్పట్లో ఆడపిల్ల తండ్రి డబ్బు పుచ్చుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టడం పరువైన కుటుంబాల్లోనే జరిగేది. మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన అలాంటి పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. 1,034 లెక్కకు వచ్చాయి. అందులో 99 మంది పిల్లల వయసు ఐదేళ్ళు. ఏడాది వయసున్నవాళ్ళు ముగ్గురు. గురజాడ ఈ లెక్కను తన ముందుమాటలో రాశారు. ఏడాది పిల్లకు పెళ్ళి చేసిన ఆ ఇంట్లో కూడా ఎవరో ఒకరికి గుండె పిండినట్లు అయ్యే ఉంటుంది. ఎవరూ అనలేదు.

ఈ రోజు ఆ ఆచారం ఏ ఇంట్లో ఉంది? పోయింది. కానీ డబ్బు వెళ్ళే దిక్కు మాత్రమే తిరిగింది. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి ఇస్తున్నాడు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. నా చెల్లెలి పెళ్ళిలో మేము ఇచ్చాం. నా పెళ్ళిలో మా నాన్న తీసుకున్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

పొందూరు_రాట్నం
చట్టం వల్ల కానిది ఇంకెలా అవుతుంది? ఒక్కడు మానేస్తే వాడి కూతురికి సంబంధం రాదు. అందరూ ఒకేసారి మానేయాలి. అది జరిగే పనేనా?

మూడు_లాంతర్లు
జరిగింది, చైనాలో. ఆడపిల్లల పాదాలు చిన్నవిగా ఉండాలని చిన్నతనంలోనే వేళ్ళు విరిచి గుడ్డతో కట్టేసేవారు. దాదాపు వెయ్యేళ్ళ ఆచారం. కట్టకపోతే పెళ్ళి కాదు. తల్లులు ఏడుస్తూనే కట్టేవారు. పొందూరు గారు చెప్పిన చిక్కుముడే అది. పంతొమ్మిదో శతాబ్దం చివర కొన్ని సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో చేరే కుటుంబాలు రెండు ప్రమాణాలు చేయాలి. మా కూతురి పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుక్కి చేసుకోం. ఈ రెండో మాటలో ఉంది కిటుకంతా. మానేసిన పిల్లలకు మానేసిన ఇళ్ళలోనే సంబంధాలు దొరికాయి. చాలా ప్రాంతాల్లో ఒక్క తరంలోనే ఆ ఆచారం కూలిపోయింది. జెరీ మాకీ అనే పరిశోధకుడు 1996లో దీని మీద రాశాడు.

గంటస్తంభం
అంటే కట్నం ఇవ్వనని ఆడపిల్ల తండ్రి ఒక్కడూ అనడం కాదు. తీసుకోనని మగపిల్లాడి తండ్రి అదే కాగితం మీద సంతకం పెట్టాలి. నాకు ఇద్దరు కొడుకులు. నేను పెడతాను. ఇక్కడే రాస్తున్నాను.

జీడితోట
నేను ఆడపిల్ల తండ్రిని. మీ పక్కన నా పేరు రాయండి.

ఉద్దానం_కొబ్బరి
మంచిదే. కానీ వంశధార తమ్ముడి సంగతికి రండి. వెయ్యి విస్తళ్ళు అయిపోయాయి, అప్పు మిగిలింది. తమ్ముడూ, సంవత్సరీకం ఎప్పుడు?

వంశధార_గట్టు
ఇంకా ఏడు నెలలు ఉంది. ఇవన్నీ రాత్రి రెండు వరకు చదివాను. తీరంలో ఇల్లు గారి అమ్మగారి బిందె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. పెద్దనాన్న ఇప్పటికే సంవత్సరీకానికి ఐదు వందల విస్తళ్ళు అంటున్నారట. మళ్ళీ అదే అరుగు, అదే వరస.

మూడు_లాంతర్లు
వరస మార్చండి. అరుగు మీదకు వెళ్ళకముందే బాబాయిని కలవండి. ఆయన మీకంటే ముందు మాట్లాడేలా చూడండి. వీలైతే మిగతావాళ్ళనూ విడివిడిగా వాళ్ళ ఇళ్ళ దగ్గర అడగండి. ఆష్ ప్రయోగంలో జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోమన్నప్పుడు తప్పులు బాగా తగ్గాయి. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పే మాట వేరు.

సౌదీ అరేబియాలో ఒక పరిశోధన జరిగింది, 2020లో వెలువడింది. ఆడవాళ్ళు బయట ఉద్యోగం చేయవచ్చని ఎక్కువమంది మగవాళ్ళు లోలోపల ఒప్పుకుంటున్నారు. కానీ పక్కవాళ్ళు ఒప్పుకోరని అనుకుంటున్నారు. అసలు లెక్క చెప్పేసరికి తమ భార్యల పేర్లు ఉద్యోగాల కోసం నమోదు చేయించినవాళ్ళ సంఖ్య పెరిగింది. మీ ఊళ్ళో కూడా ముందు లెక్క తెలుసుకోండి.

ఉద్దానం_కొబ్బరి
నేనూ ఒక మాట చెబుతాను. "భోజనం పెట్టను" అని మొదలుపెడితే మీ పెద్దనాన్న వినరు. నేనైనా వినను. "నాన్న చివరి కోరిక ఇది" అని మొదలుపెట్టండి. తండ్రి మాట నిలబెట్టడం కంటే పెద్ద ఆచారం మన ఊళ్ళలో లేదు. దగ్గరివాళ్ళకు ఒక్క బంతి పెట్టండి, మిగతాది షెడ్డుకు. ఊరి బాకీ కూడా తీరుతుంది. ఆ షెడ్డు కింద నిలబడేది ఊరే కదా.

తీరంలో_ఇల్లు
ఉద్దానం గారు చెప్పింది బాగుంది. షెడ్డు అందరిదీ అని ముందే గట్టిగా చెప్పండి. ఏ వీధి వాళ్ళు తెచ్చినా అక్కడ నిలబడవచ్చని చెప్పండి. దయచేసి అది మాత్రం మరిచిపోకండి.

రాజాం_అక్క
అమ్మను కూడా అడిగారా? ఆ రోజు గుమ్మం పక్కన కూర్చుని మీ ముఖంలోకి చూసింది అన్నారు. మీరు "సరే" అనాలని చూసిందో, "వద్దు" అనాలని చూసిందో మీకు తెలుసా?

వంశధార_గట్టు
అక్క ప్రశ్న చదివాక నాలుగు రోజులు ఇక్కడికి రాలేకపోయాను. నిన్న ఆదివారం ఊరు వెళ్ళాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. నేరుగా అడిగేశాను. చేట ఆపి, "నువ్వు చెబుతావేమోనని చూశాను నాన్నా. ఆడదాన్ని, ఆ అరుగు మీద నేనేం చెబుతాను?" అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈసారి ముందు నేను చెబుతాను. నా వెంటనే నువ్వు చెప్పు, మధ్యలో ఎవరినీ రానివ్వకు" అన్నారు. అమ్మను కూడా అరుగు మీద కూర్చోబెడదామని అడిగాను. తల ఊపారు. రాత్రి భోజనం చేశాక బావను విడిగా అడిగితే, తనకూ అప్పట్లో ఇష్టం లేదన్నాడు. ఎనిమిది మందిలో ముగ్గురం తేలాం. పెద్దనాన్న దగ్గరకు బాబాయి, నేను వచ్చే ఆదివారం కలిసి వెళుతున్నాం.

నాగావళి_పిల్ల
అమ్మతో కలిపి నలుగురు!

ఉద్దానం_కొబ్బరి
తమ్ముడూ, తుఫాను తర్వాత మా ఊళ్ళో రేకుల షెడ్లన్నీ ఒకే మేస్త్రి వేశాడు. గాలికి లేవకుండా బిగించడం తెలిసినవాడు. నేను మాట్లాడి పెడతాను. అక్కడ స్థలం కొలత ఎంతో చెప్పండి.

వంశధార_గట్టు
బాబాయి పొద్దున వెళ్ళి తాడుతో కొలిచి వచ్చారు. పొడవు 20 అడుగులు, వెడల్పు 12. పడమటి వైపు జల్లు కొడుతుందట, ఆ వైపు రేకు ఇంకో రెండు అడుగులు బయటికి ఉండాలన్నారు.